వాచీ లెక్కించని అడుగులు: పరుగు తీసే ఒక కొత్త స్టాఫ్ నర్సు కేసు

హైదరాబాదులో ఫిజియోథెరపిస్టుగా నేను చూసే పరుగు గాయాల్లో ఎక్కువ భాగం ఆఫీసు ఉద్యోగులవి. వారికి వారమంటే సోమవారం మొదలై ఆదివారంతో ముగిసేది. మధ్యలో ఒకటి రెండు చిన్న పరుగులు, ఆదివారం తెల్లవారుజామున ఒక పొడవైన పరుగు, సోమవారం విశ్రాంతి. మార్కెట్లో దొరికే పరుగు ప్రణాళికలు, ఫోన్ యాప్‌లు దాదాపు అన్నీ ఆ వారాన్ని నమ్ముకొని తయారైనవే. ఇక్కడ రాస్తున్న కేసు అటువంటి వారం లేని ఒక అమ్మాయిది. ఆమె అనుమతితోనే, ఆమెను, ఆమె పనిచేసే చోటును గుర్తుపట్టగల వివరాలన్నీ తొలగించో మార్చో రాస్తున్నాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాదిలో పరుగును కాపాడుకోవాలని చూసే నర్సులకూ, వారికి వైద్యం చేసే నా తోటి ఫిజియోలకూ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

నేపథ్యం

ఆమె వయసు 23. ఉత్తర తెలంగాణలోని ఒక చిన్న పట్టణం నుంచి వచ్చి, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అయిన వెంటనే నగరంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేరింది. బడిలో ఉన్నప్పుడు 1500 మీటర్ల పందెంలో జిల్లా స్థాయి దాకా వెళ్లింది. కాలేజీలో ఉన్న నాలుగేళ్లూ తెల్లవారకముందే హాస్టల్ వెనక ఉన్న మైదానంలో పరుగెత్తేది. హైదరాబాదుకు వచ్చాక ఆగస్టులో జరిగే నగర మారథాన్‌లో 21.1 కిలోమీటర్ల విభాగానికి పేరు నమోదు చేసుకొని, ఒక యాప్ ఇచ్చిన ప్రణాళిక ప్రకారం సాధన మొదలుపెట్టింది.

ఆమె డ్యూటీలు మన ప్రైవేటు ఆసుపత్రుల్లో మామూలుగా ఉండే పద్ధతిలోనే ఉన్నాయి. మార్నింగ్ ఉదయం 8 నుంచి 2 వరకు, ఈవెనింగ్ 2 నుంచి రాత్రి 8 వరకు, నైట్ రాత్రి 8 నుంచి మర్నాడు ఉదయం 8 వరకు. నైట్లు వరుసగా ఆరు, ఆ తర్వాత రెండు రోజుల నైట్ ఆఫ్. కాగితం మీద ఉన్న సమయాలకు అటూ ఇటూ హ్యాండోవర్ ఉంటుంది. కొత్తగా చేరిన వారికి ప్రతి ఇన్‌ఫ్యూజన్ పంపునూ, ప్రతి డ్రెయిన్‌నూ చూపించి అప్పగించడంలో మరో ముప్పావు గంట గడిచిపోతుంది. రోస్టర్ శనివారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో వస్తుంది. మధ్యలో ఎవరైనా సెలవు పెడితే అది మారుతుంది, ముందుగా మారేది కొత్తవారి డ్యూటీయే.

ఏ బాధతో వచ్చింది

వేసవి చివర్లో ఎడమ కాలి నొప్పితో వచ్చింది. మోకాలికీ చీలమండకూ మధ్య, లోపలి వైపున, కింది మూడో వంతులో నొప్పి. అది పెరిగిన తీరును ఆమె బాగా చెప్పగలిగింది. నర్సు కాబట్టి లక్షణాలను వరసలో పెట్టి చెప్పే అలవాటుంది. మొదట పరుగు మొదలుపెట్టినప్పుడు మాత్రమే నొప్పి ఉండి, ఒళ్లు వేడెక్కగానే పోయేది. తర్వాత పరుగంతా ఉండసాగింది. ఆ తర్వాత పరుగు ఆపాక కూడా గంటల తరబడి ఉండేది. చివరికి నైట్ డ్యూటీలో రోగి పక్కన నిలబడి ఉన్నప్పుడు కూడా సలపడం మొదలైంది. ఆ చివరి మెట్టే ఆమెను నా దగ్గరికి తెచ్చింది. అప్పటికే తమ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించుకుంది, అందులో ఏమీ కనబడలేదు.

కాలిని తడిమి చూస్తే నొప్పి ఎముక అంచు వెంబడి పరుచుకొని లేదు, ఒక చోట కేంద్రీకృతమై ఉంది. రెండు వేళ్లు ఆనించేంత చోట నొక్కితే ఉలిక్కిపడింది. దానికి పైనా కిందా నొక్కితే ఏమీ లేదు. ఆ కాలి మీద ఒక్కసారి గెంతమంటే గెంతలేకపోయింది. పరుగు తీసేవారిలో సాధారణంగా కనిపించే షిన్ స్ప్లింట్స్‌లో నొప్పి ఎముక లోపలి అంచు వెంట అయిదు సెంటీమీటర్లకు పైగా పొడవునా పరుచుకొని ఉంటుంది. ఒకే బిందువు దగ్గర పట్టుకొని, నిలబడినప్పుడు కూడా ఉండే నొప్పి స్ట్రెస్ ఫ్రాక్చర్‌ను, అంటే పదే పదే పడే భారానికి ఎముక తనను తాను బాగుచేసుకునే వేగం చాలక సన్నగా పగులుబారే స్థితిని సూచిస్తుంది. తొలి రెండు మూడు వారాల్లో ఇది ఎక్స్‌రేలో చాలామందికి కనబడదు, కొందరికి ఎప్పటికీ కనబడదు. అందువల్ల ఎక్స్‌రే మామూలుగా ఉందని నేను ధైర్యపడలేదు.

ఎమ్మారై ఖర్చుతో కూడిన పరీక్ష. కొత్త ఉద్యోగి జీతంలో అది చిన్న మొత్తం కాదు. ఫలితం ఏదైనా నేను చేయబోయేది ఒకటే అయితే పరీక్ష రాయకూడదన్నది నా పద్ధతి. ఇక్కడ మాత్రం ఫలితాన్ని బట్టి నిర్ణయం మారుతుంది. ఎముక చుట్టూ పొర వాచినంత మాత్రమే అయితే డ్యూటీ కొనసాగించవచ్చు, ఎముక లోపల మజ్జ వరకు వాపు వెళ్లి ఉంటే డ్యూటీని కూడా తగ్గించాలి. పరీక్షలో పొరతో పాటు మజ్జలోనూ వాపు కనిపించింది, పగులు గీత మాత్రం లేదు. పగులు దిశగా పోతున్న ఎముక అది. దొరికిన చోటు టిబియా, అంటే మోకాలి కింద ఉండే పెద్ద ఎముక, లోపలి వెనక అంచు కావడం అదృష్టం. అక్కడి ఎముక విశ్రాంతి ఇస్తే బాగా మానుతుంది.

అప్పటికి ఆమె చేసుకున్న ప్రయత్నాలు

నా దగ్గరికి రాకముందు ఆమె చేతులు ముడుచుకొని కూర్చోలేదు. కొన్నాళ్లు పరుగు ఆపింది. ఐస్ పెట్టింది. డ్యూటీలో తోటివారు ఇచ్చిన డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకుంది. మొదటి జీతాల్లోంచి దాచుకున్న డబ్బుతో ఖరీదైన రన్నింగ్ షూ కొనుక్కుంది. పిక్కల కండరాలు సాగదీసే వీడియోలు చూసి ఉదయం సాయంత్రం చేసింది. ఇవేవీ తప్పుడు పనులు కావు, అయినా ఏదీ ఫలించలేదు. ఎందుకు ఫలించలేదన్న దాని మీదే నా ఆలోచనంతా నిలిచింది.

ఆమె ఫోనులో పరుగు యాప్ తెరిచి చూశాం. అందులో వారానికి 35 కిలోమీటర్ల దాకా వెళ్లిన గీతలు, మధ్య మధ్య విశ్రాంతి అని ఆకుపచ్చ రంగులో చూపిన రోజులు ఉన్నాయి. ఆ ఆకుపచ్చ రోజుల్లో ఏం చేశావని అడిగితే, చాలావరకు నైట్ డ్యూటీ అని చెప్పింది. ఐసీయూలో మోచేతి కింద వాచీ, గాజులు ఏవీ ఉండకూడదు. చేతులు కడుక్కోవడానికి, రోగులకు ఇన్ఫెక్షన్ అంటకుండా ఉండటానికి అది నియమం. కాబట్టి డ్యూటీకి వెళ్లగానే రన్నింగ్ వాచీ విప్పి లాకర్లో పెట్టేది. వాచీ దృష్టిలో ఆమె పన్నెండు గంటలు మంచం మీద పడుకొని ఉంది. ఆ లెక్కతోనే యాప్ మర్నాటికి మరింత పొడవైన పరుగును ఇచ్చేది.

స్క్రబ్స్ జేబులో పెట్టుకొనే చిన్న పెడోమీటర్ ఒకటి ఇచ్చి, డ్యూటీలో తిరిగే అడుగులను రాసుకురమ్మన్నాను. మార్నింగ్ డ్యూటీకి ఏడెనిమిది వేలు, నైట్‌కు పదకొండు నుంచి పదమూడు వేల మధ్య వచ్చాయి. దీనికి తోడు వెంటిలేటర్ మీదున్న రోగులను రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, స్ట్రెచర్ మీదికి మార్చడం, గట్టి నేల మీద గంటల తరబడి నిలబడటం. ఇదంతా ఖరీదైన రన్నింగ్ షూతో కాదు. అవి హాస్టల్ గదిలో ఉండేవి. డ్యూటీలో వేసుకునేది యూనిఫాంతో పాటు వచ్చిన, అట్టముక్కలా పలుచటి అడుగున్న నల్లబూట్లు. పరుగు ఆపినన్నాళ్లూ కూడా నొప్పి ఎందుకు తగ్గలేదో దీంతో స్పష్టమైంది. ఆమె ఆపింది వారంలో నాలుగు గంటల భారాన్ని, మిగిలిన దాదాపు యాభై గంటల భారం అలాగే ఉండిపోయింది.

తిండి, నెలసరి

ఎముక మీద భారం ఎక్కువైతే ఒక ప్రశ్న, ఎముక బలం తగ్గితే మరో ప్రశ్న. యువతిలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అనుమానం రాగానే నెలసరి గురించి అడగడం ఫిజియో పని కాదని కొందరు అనుకుంటారు. నేను తప్పనిసరిగా అడుగుతాను. నాలుగు నెలలుగా రాలేదని చెప్పింది. నైట్ డ్యూటీల వల్ల ఇలా అవుతుందని సీనియర్లు అన్నారట, తాను కూడా అదే నమ్మింది. నైట్ డ్యూటీ నెలసరిని అటూ ఇటూ చేయగలదు, నిజమే. నాలుగు నెలలు పూర్తిగా ఆగిపోవడాన్ని మాత్రం దాని ఖాతాలో వేసి వదిలేయకూడదు.

ఏం తింటున్నావంటే, "మంచిగనే తింట మేడమ్" అంది. గంట గంటకూ రాయించాను. నైట్ డ్యూటీకి ముందు ఏడు గంటలకు హాస్టల్ మెస్‌లో అన్నం. తెల్లవారుజామున మూడింటికి టీ, రెండు బిస్కెట్లు. ఎనిమిదిన్నర దాటాక బయటపడి, నేరుగా పరుగుకు వెళ్లి, హాస్టల్‌కు చేరేసరికి మెస్‌లో టిఫిన్ అయిపోయేది. స్నానం చేసి పడుకొంటే మధ్యాహ్న భోజనం వేళకు నిద్రలో ఉండేది. లేచాక అయిదింటికి మళ్లీ టీ. అంటే రాత్రంతా పనిచేసి, పొద్దున పది కిలోమీటర్లు పరుగెత్తిన మనిషి ఇరవై నాలుగు గంటల్లో ఒక్క పూట భోజనంతో గడుపుతోంది. ఉద్యోగంలో చేరాక అయిదు కిలోల బరువు తగ్గింది. పరుగు వల్ల ఒళ్లు తేలికైందని ఆమె సంతోషించింది కూడా.

ఫిజీషియన్‌కు, గైనకాలజిస్టుకు రాసి పంపాను. గర్భం, థైరాయిడ్, ప్రొలాక్టిన్ వంటి ఇతర కారణాలను వారు పరీక్షించి తోసిపుచ్చారు. హిమోగ్లోబిన్ 10.6, ఒంట్లో ఇనుము నిల్వలను చూపే ఫెర్రిటిన్ 9, విటమిన్ డి కూడా తక్కువ. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అంత సాధారణమైన విషయం కాబట్టే, మాత్రలు రాసి పంపేయడం తేలిక. ఫిజీషియన్ ఇక్కడ ఒక మాట అన్నారు, దాన్ని నేను తర్వాత చాలా కేసుల్లో గుర్తుచేసుకున్నాను. ఈ వయసు స్త్రీలలో ఇనుము ఎక్కువగా పోయేది నెలసరిలో. ఈమెకు నాలుగు నెలలుగా ఆ నష్టమే లేదు, అయినా నిల్వలు అడుగంటాయంటే లోపలికి వెళ్లేదే చాలా తక్కువన్న మాట. నెలసరి ఆగడం, ఎముక బలహీనపడటం, ఇనుము నిల్వలు తరగడం అనే మూడూ ఒకే చోటికి దారితీశాయి. ఖర్చయ్యే శక్తికి తగిన తిండి లేనప్పుడు శరీరం గుండెను, మెదడును నడుపుకోవడానికి మిగతా పనులను ఒక్కొక్కటిగా ఆపేస్తుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ఈ స్థితికి రెడ్‌-ఎస్ అనే పేరు పెట్టారు. పతకాలు గెలిచే క్రీడాకారులకు వచ్చేదని అనుకొంటాం గానీ, అది పోటీ స్థాయిని చూసి రాదు. తిండికీ శ్రమకూ పొంతన తప్పిన ఎవరికైనా వస్తుంది.

మొదటి ప్రణాళిక, అది నిలవకపోవడం

పరుగు పూర్తిగా ఆపడం, ఆరు వారాల పాటు నిలబడే పని తగ్గించాలని ఆసుపత్రికి ఒక ఉత్తరం, పోషకాహార పట్టిక, వారంలో ఏ రోజు ఏ వ్యాయామమో చెప్పే క్యాలెండర్. ఇదీ మొదట ఇచ్చిన ప్రణాళిక. వైద్యపరంగా ఇందులో తీసేయాల్సినదేమీ లేదు. రెండు వారాల తర్వాత చూస్తే ఒక్కటీ అమలు కాలేదు.

ఉత్తరం ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. ప్రొబేషన్‌లో ఉన్న అమ్మాయి, చేరిన ఏడాది తిరక్కుండానే, "విశ్రాంతి అవసరం" అని రాసి ఉన్న కాగితాన్ని ఇన్‌చార్జి చేతికి ఇవ్వడానికి భయపడింది. తాను నిలబడకపోతే ఆ బెడ్లు పక్క సిస్టర్ మీద పడతాయన్న సంకోచం దానికి తోడైంది. ఆహార పట్టికలో ఉదయం ఎనిమిదికి అల్పాహారం, ఒంటిగంటకు భోజనం అని ఉంది. నెలలో సగం రోజులు ఆ వేళల్లో ఆమె డ్యూటీలోనో నిద్రలోనో ఉంటుంది. క్యాలెండర్ సంగతి చెప్పనే అక్కరలేదు, గురువారం రోస్టర్ మారడంతో చెల్లిపోయింది.

అన్నిటికంటే ఆలోచింపజేసింది పరుగు ఆపడం వల్ల వచ్చిన మార్పు. నిద్ర మరింత తగ్గింది, డ్యూటీకి ముందు కడుపులో తిప్పినట్టుండేది, హాస్టల్‌లో ఎవరితోనూ మాట్లాడటం లేదు. కారణం అడిగితే చాలాసేపు తల వంచుకొని, ఉద్యోగంలో చేరిన కొత్తలో తాను చూసుకొంటున్న ఒక రోగి చనిపోయిన సంగతి చెప్పింది. వయసులో తన తండ్రి అంతటివాడు. సీపీఆర్ చేసిన చేతులతోనే ఒంటిని శుభ్రం చేసి, ట్యూబులు తీసి, బంధువులకు అప్పగించి, అయిదు నిమిషాల్లో ఆ బెడ్‌లోకి కొత్త అడ్మిషన్ తీసుకోవలసి వచ్చింది. ఏడవడానికి కూడా సమయం దొరకలేదు. ఆ ఉదయం డ్యూటీ దిగి, బట్టలు మార్చుకొని, కాళ్లు ఆగేదాకా పరుగెత్తింది. నైట్ తర్వాత పరుగెత్తే అలవాటు అక్కడ మొదలైంది. "కాళ్లు నొస్తయని ఎర్కనే మేడమ్. ఉరకకుంటే మనసు నిలుస్తలేదు," అంది.

ఆ మాట విన్నాక పరుగును గాయానికి కారణంగా మాత్రమే చూడటం కుదరదు. ఆమెకు ఉన్న ఒకే ఒక్క ఊతాన్ని తీసేసి, దాని చోట ఏమీ ఇవ్వకపోతే మొదట ఆ మనిషి కూలిపోతుంది, ఆ తర్వాత ప్రణాళిక కూలిపోతుంది. ఇంటి నుంచి వాళ్లమ్మ ఫోనులో "ఆ ఉరుకుడు బంద్ జెయ్యి బిడ్డా" అని అంటున్నా ఆమె ఆపకపోవడానికి కారణం మొండితనం అనుకున్నవారికి ఈ సంగతి తెలియదు.

పనిచేసినవి

రెండో ప్రణాళికలో మొదటి మార్పు ఉత్తరంలోనే చేశాం. "విశ్రాంతి", "తేలికపాటి పని" అన్న మాటలు తీసేసి, నర్సింగ్ సూపరింటెండెంట్ చదివితే రోస్టర్‌లో ఏం మార్చాలో వెంటనే తెలిసేలా రాశాను. ఆరు వారాల పాటు రోగులను ఎత్తడం, స్ట్రెచర్ మార్చడం వద్దు. గంటకోసారి పది నిమిషాలు కూర్చొనే వీలుండాలి. ఆ కాలంలో నైట్లు లేకుండా ఉంటే ఎముక త్వరగా మానుతుంది. అన్ని నర్సింగ్ బాధ్యతలూ మెదడుతో, చేతులతో నిర్వహించగలదు. ఫలానా తేదీన తిరిగి పరీక్షించి పూర్తి డ్యూటీకి అనుమతి ఇస్తాను. చివరి వాక్యమే తలుపు తెరిచిందని ఆమె తర్వాత చెప్పింది. ముగింపు తేదీ ఉన్న అభ్యర్థనను ఇన్‌చార్జి అర్థం చేసుకోగలిగింది. డయాలిసిస్ యూనిట్‌లో మార్నింగ్ డ్యూటీలు ఇచ్చారు. ఇది అన్నిచోట్లా జరుగుతుందని చెప్పలేను. అడగగలిగే రూపంలో అడిగితే జరిగే అవకాశం పెరుగుతుందని మాత్రం చెప్పగలను.

తిండిని గడియారం నుంచి విడదీసి డ్యూటీకి కట్టాం. డ్యూటీకి ముందు ఒక పూర్తి భోజనం, డ్యూటీ మధ్యలో చేత్తో పట్టుకొని రెండు నిమిషాల్లో తినగలిగేది ఒకటి, డ్యూటీ దిగాక పడుకోబోయే ముందు మరో భోజనం. మూడో దానిలోనే అసలు లోటు ఉంది కాబట్టి దాని మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాం. హాస్టల్ వార్డెన్‌తో మాట్లాడితే టిఫిన్ ఒక డబ్బాలో తీసి ఉంచడానికి ఆవిడ వెంటనే ఒప్పుకుంది. అప్పటిదాకా ఎవరూ అడగలేదంతే. ఉప్మా అయినా ఇడ్లీ అయినా దాంతో రెండు ఉడికించిన గుడ్లు, ఒక గ్లాసు పాలలో కాచిన రాగి జావ. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పెద్దలకు రోజుకు కావలసిన వెయ్యి మిల్లీగ్రాములను పాలు, పెరుగు, రాగులతో అందుకోవడం కష్టం కాదు. డ్యూటీ మధ్యలోకి పల్లీ పట్టీ, అరటిపండు. టీ మానమని చెప్పలేదు, రాత్రి మూడింటికి టీ మానమని నర్సుకు చెప్పడం వృథా. భోజనానికీ ఇనుము మాత్రకూ గంట ముందూ గంట తర్వాతా టీ వద్దని, మాత్రను నిమ్మరసంతో వేసుకోమని మాత్రమే చెప్పాం. టీలోని టానిన్లు ఇనుమును పట్టుకొని ఒంటికి అందనివ్వవు. ఫిజీషియన్ ఇనుము మాత్రను రోజు విడిచి రోజు ఇచ్చారు. ఒక మోతాదు పడ్డాక పేగులు కొంతసేపు ఇనుమును తక్కువగా తీసుకుంటాయి, పైగా కడుపులో వికారం కూడా తగ్గుతుంది.

మనసు నిలవకపోవడానికి మూడు చోట్ల ఊతం వెతికాం. పరుగు వేళకు పరుగు బట్టలే వేసుకొని, నొప్పి రానంత నడక. రెండు వారాల తర్వాత ఈత నేర్పే కొలనులో నడుము లోతు నీళ్లలో నడక. ఊపిరి, చెమట, ఒంటరిగా ఉండే ఆ అరగంట దక్కితే చాలావరకు పనిచేస్తుందని ఊహించాం, అదే జరిగింది. ఐసీయూలో పదిహేనేళ్లుగా ఉన్న ఒక సీనియర్ సిస్టర్‌తో, మరణం జరిగిన డ్యూటీ తర్వాత బట్టలు మార్చుకొనే గదిలోనే పది నిమిషాలు మాట్లాడి వెళ్లడం ఆమె తనంతట తాను ఏర్పాటు చేసుకుంది. ఆ సిస్టర్ మొదటి రోజు చెప్పింది ఒకటే: తనకూ తొలి ఏడాది చనిపోయిన రోగి పేరు ఇప్పటికీ గుర్తుందని. రాత్రివేళ ఎవరూ దొరకనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 కూడా ఫోనులో వేసుకుంది. తెలుగులో మాట్లాడవచ్చని తెలిశాకే ఆ నంబరు సేవ్ చేసుకుంది.

మళ్లీ పరుగు, రోస్టర్ చేతిలో పెట్టుకొని

అరగంట నడకకు నొప్పి లేకుండా, ఎముక మీద నొక్కినా నొప్పి లేకుండా, ఒంటికాలి మీద పిక్కలు లేపే వ్యాయామం రెండు కాళ్లకూ సమానంగా వచ్చాకే పరుగు మొదలుపెట్టాం. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, రోజు విడిచి రోజు. అప్పటికి ఆగస్టు పోటీ దగ్గరపడింది. నమోదు రుసుము పోతుందని బాధపడింది గానీ, మానుతున్న ఎముకతో ఫ్లైఓవర్లు ఎక్కి దిగే 21 కిలోమీటర్లు ఆలోచించాల్సిన విషయం కాదు. ఆమె కూడా పెద్దగా వాదించలేదు.

పూర్తి డ్యూటీలు, నైట్లు తిరిగి మొదలయ్యాక అసలు పరీక్ష వచ్చింది. ఇక్కడ నా తోటివారి దృష్టికి ముఖ్యంగా తేవాలనుకొన్నది నైట్ ఆఫ్ సంగతి. రోస్టర్‌లో ఆరు నైట్ల తర్వాత రెండు రోజులు ‘ఓ’ (ఆఫ్) అని ఉంటుంది. యాప్ ఆ ఓ చూసి మొదటి రోజున పొడవైన పరుగు పెట్టేది, ఆమె కూడా సెలవు కదా అని పరుగెత్తేది. ఆ మొదటి రోజు ఉదయం ఎనిమిది దాకా ఆమె డ్యూటీలోనే ఉంది. కాగితం మీద సెలవు, ఒంటికి మాత్రం పన్నెండు గంటల పని దిగిన రోజు. ఆరు నైట్ల నిద్రలేమి మొత్తం పేరుకొని ఉన్న ఆ రోజునే వారంలో అన్నిటికంటే కఠినమైన పరుగు పడుతోంది. ఆమె నొప్పి ఎక్కువైన తేదీలను పాత రోస్టర్ల పక్కన పెట్టి చూస్తే దాదాపు ప్రతిసారీ ఆ రోజో మర్నాడో అయింది.

కాబట్టి వారాల లెక్క వదిలేసి డ్యూటీ లెక్కలోకి వచ్చాం. ఈవెనింగ్ డ్యూటీ వారమే ఆమెకు పరుగు వారం. రాత్రి పూర్తిగా నిద్రపోయి, ఉదయం తిని, ఎండ ముదరకముందే పరుగెత్తి, మళ్లీ తిని, కాసేపు పడుకొని డ్యూటీకి వెళ్లే వీలు ఆ వారంలోనే ఉంది. పొడవైన పరుగు, కొంచెం వేగంగా తీసే పరుగు రెండూ అందులోనే. మార్నింగ్ డ్యూటీ వారంలో సాయంత్రం రెండు చిన్న పరుగులు. నైట్ల వరుసలో పరుగు లేదు. డ్యూటీకి ముందు గదిలోనే పావుగంట పిక్కలకు, తుంటి కండరాలకు బలం ఇచ్చే వ్యాయామం. నైట్ ఆఫ్ మొదటి రోజు నిద్రకు, తిండికి, రెండో రోజు సాయంత్రం తేలికైన నడక-పరుగు. రోస్టర్ మారితే ప్రణాళిక మారదు, ఆ రోజు ఏ డ్యూటీయో చూసి దాని కింద ఉన్నది చేయడమే. శనివారం రాత్రి రోస్టర్ రాగానే అయిదు నిమిషాలు కూర్చొని తనే పరుగులు రాసుకోవడం నేర్చుకుంది.

నైట్ డ్యూటీ నుంచి నేరుగా పరుగుకు వెళ్లకపోవడానికి ఎముక ఒక్కటే కారణం కాదు. ఉదయపు ఎండ కళ్లలో పడితే ఇప్పుడు పగలని శరీరానికి తెలిసి నిద్ర దూరమవుతుంది. గంట పరుగెత్తి పెరిగిన ఒంటి వేడి దిగడానికి మరికొంత సమయం పడుతుంది. ఆమె పగటి నిద్ర అప్పటిదాకా మూడున్నర గంటలు దాటేది కాదు. ఆటోలో నల్లకళ్లద్దాలు పెట్టుకోవడం, రాగానే తిని తొమ్మిదిన్నరకల్లా పడుకోవడం, కిటికీకి మందపాటి దుప్పటి కట్టడం, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఇంటివాళ్లకు ఏ వేళకు ఫోన్ చేయాలో ముందే చెప్పడం, సాయంత్రం డ్యూటీకి ముందు మళ్లీ గంటన్నర కునుకు తీయడం. వీటితో మొత్తం ఆరు గంటలకు వచ్చింది. ఏడు గంటలు ఎప్పుడూ కాలేదు, నైట్లు ఉన్నంత కాలం అవుతుందన్న ఆశ కూడా నేను పెట్టుకోలేదు.

డ్యూటీ బూట్ల విషయం చిన్నదే గానీ చెప్పాలి. యూనిఫాం రంగుకే సరిపోయే, మెత్తటి మందపాటి అడుగున్న నల్లబూట్లు కొనమన్నాను. పరుగు షూకు పెట్టిన డబ్బులో సగం కూడా కాలేదు. రోజులో పన్నెండు గంటలు వేసుకునేవి ముందు, గంట వేసుకునేవి తర్వాత.

ఫలితం

మూడో నెలలో నెలసరి తిరిగి వచ్చింది, తగ్గిన అయిదు కిలోల్లో నాలుగు తిరిగి చేరాయి. ఆ సమయంలో బరువు పెరగడం చూసి ఆమె బెదిరింది. ఎముక మానుతున్నదనడానికి అదే గుర్తని ఎమ్మారై బొమ్మల కంటే ఎక్కువసార్లు నేను చెప్పవలసి వచ్చింది. ఆరు నెలల తర్వాత ఫెర్రిటిన్ 34, హిమోగ్లోబిన్ 12.1. వారానికి సగటున ఇరవై కిలోమీటర్లు పరుగెత్తుతోంది, ఈవెనింగ్ వారంలో ఎక్కువ, నైట్ల వారంలో సున్నా. చలికాలంలో ఒక 10 కిలోమీటర్ల పోటీలో నొప్పి లేకుండా పరుగు ముగించింది. తీరనివి కూడా ఉన్నాయి. వరుసగా రెండు నెలలు నైట్లు ఎక్కువ పడినప్పుడు తిండి మళ్లీ తప్పింది, నెలసరి ఒకసారి ఆలస్యమైంది. ఈసారి తానే గమనించి, పరుగు తగ్గించి, ఫోను చేసింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

షిఫ్టుల్లో పనిచేసే రన్నర్ ఎవరు వచ్చినా ఇప్పుడు పరుగు యాప్ కంటే ముందు నెల రోజుల రోస్టర్ చూపించమంటాను. డ్యూటీ అడుగులను పరుగు కిలోమీటర్ల పక్కన కలిపి రాసి చూస్తే, భారం ఒక్కసారిగా ఎక్కడ పెరిగిందో చాలావరకు అక్కడే దొరుకుతుంది. నర్సులకు, పోలీసులకు, ఫ్యాక్టరీలో మూడు షిఫ్టుల్లో పనిచేసేవారికి ఇదే వర్తిస్తోంది. నిన్న లేచినప్పటి నుంచి ఈ రోజు లేచే దాకా ఏం తిన్నావని అడుగుతాను. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని అడిగితే వాళ్లు అలవాటుగా అన్నిటికీ తిన్నామనే చెబుతారు. యజమానికి రాసే ఉత్తరంలో ఏ పని వద్దో, ఏ పని చేయగలరో, ఏ తేదీ వరకో ఉండాలి. పరుగు ఆపమని చెప్పేముందు, ఆ పరుగు వాళ్లకు దేనికి పనికొస్తోందో అడిగి తెలుసుకొంటాను. జవాబు చాలాసార్లు వెంటనే రాదు, రెండో మూడో విడతలో వస్తుంది.

ఈ కేసు చదివి తమ కాలినొప్పికి ఇదే పద్ధతి పాటించాలనుకొనే నర్సులకు ఒక హెచ్చరిక. ఈమె గాయం సులభంగా మానే చోట ఉంది. టిబియా ముందు అంచున ఒకే బిందువు దగ్గర నొప్పి ఉన్నా, గజ్జల్లోనో తుంటిలోనో లోతుగా నొప్పి వచ్చి కాలు మోపలేకపోతున్నా, పాదం పైభాగం మధ్యలో నొక్కితే నొప్పి పుడుతున్నా, ఆ రోజు నుంచే పరుగు ఆపి, గెంతడం వంటి పరీక్షలు సొంతంగా చేసుకోకుండా ఆర్థోపెడిక్ వైద్యుణ్ణి కలవాలి. ఆ చోట్ల ఎముక రక్తసరఫరా తక్కువగా ఉండటం వల్లనో, అడుగడుగునా లాగబడే వైపున ఉండటం వల్లనో పగులు పూర్తిగా విరిగే ప్రమాదం ఎక్కువ, కొందరికి శస్త్రచికిత్స కూడా అవసరమవుతుంది. మూడు నెలలు నెలసరి రాకపోతే నొప్పి ఉన్నా లేకపోయినా గైనకాలజిస్టును చూడాలి. ఆసుపత్రిలోనే పనిచేస్తున్నాం కదా, ఎప్పుడైనా చూపించుకోవచ్చు అనుకొని వాయిదా వేసేవారే నా దగ్గరికి ఎక్కువగా వస్తున్నారు. ఓపీ చీటీ రాయించుకొని, డ్యూటీ లేని రోజున, రోగిలాగే వరుసలో కూర్చొని చూపించుకోండి.